ఎంజీబీనా, ఆల్ఫా స్పైడరా? మొదటి పాతకారు కొనేవారికి నా సమాధానం

మీరు అడిగింది ఇదీ: ఇంగ్లాండ్‌లో ఉంటున్నారు, ఇంటికి ఒక గ్యారేజీ ఉంది. వారాంతాల్లో టాప్ తీసి తిరగడానికి 1960ల చివర లేదా 1970ల మొదట్లో వచ్చిన రెండు సీట్ల కారు కొనాలనుకుంటున్నారు. వెతికి వెతికి ఇంగ్లీషు కారు ఎంజీబీ, ఇటలీ కారు ఆల్ఫా రోమియో స్పైడర్ దగ్గర ఆగారు. ఎంజీబీ నెమ్మది అని ఒకరు, ఆల్ఫా మాటిమాటికీ మొరాయిస్తుందని ఇంకొకరు చెప్పారు. స్పానర్ పట్టిన అనుభవం లేదు కానీ నేర్చుకోవాలని గట్టిగా ఉంది. నేను బర్మింగ్‌హామ్ దగ్గర పాతకార్ల వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. ఈ రెండు రకాల కార్లూ నా చేతుల మీదుగా చాలానే వెళ్లాయి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

యంత్రంగా చూస్తే ఆల్ఫాయే మెరుగైన కారు. ఇంజన్, గేర్ బాక్స్, బ్రేకులు మూడింటిలోనూ అది ఎంజీబీ కంటే బాగా పైన ఉంటుంది. ఇందులో నాకు అనుమానం లేదు. అయినా మీ పరిస్థితిలో ఉన్నవారికి నేను చెప్పేది ఎంజీబీ కొనమనే. అందులోనూ 1968 నుంచి 1974 మధ్య తయారైనది, క్రోమ్ బంపర్లు, ఓవర్‌డ్రైవ్ (వేగంగా వెళ్లేటప్పుడు ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పే అదనపు గేరు) ఉన్న రోడ్‌స్టర్, అంటే పైకప్పు లేని రకం. మెరుగైన కారు ఆల్ఫా అంటూ ఎంజీబీ కొనమనడం ఏమిటని అడుగుతారు. అది తెలియాలంటే ఈ రెండూ ఎలా పుట్టాయో చూడాలి.

ఎంజీబీ 1962 సెప్టెంబరులో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గర్లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో, సిడ్ ఎనెవర్ నాయకత్వంలో తయారైంది. దాని రూపం గీసినవాడు డాన్ హేటర్. ఎంజీ స్పోర్ట్స్ కార్లలో విడిగా ఛాసిస్ లేకుండా, బాడీయే బరువంతా మోసేలా కట్టిన మొదటి కారు ఇది. ఆ విషయంలో కొత్త ఆలోచనే. కానీ లోపల వాడిన సామాను చాలావరకు బీఎంసీ కంపెనీ కుటుంబాల కోసం చేసే మామూలు సెడాన్ల నుంచి తీసుకున్నదే. ఇంజన్ బి-సిరీస్, దాన్నే 1798 సీసీకి పెంచారు. వాల్వులను పుష్‌రాడ్లు తెరుస్తాయి. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. వెనక కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీద గట్టి యాక్సిల్. తక్కువ ఖర్చుతో, నమ్మకంగా, ఎవరైనా బాగుచేయగలిగేలా ఉండాలన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పలేదు. 1980లో అబింగ్డన్ మూతపడేదాకా 5 లక్షలకు పైగా ఎంజీబీలు బయటికొచ్చాయి.

ఈ బి-సిరీస్ మనకు పరాయిది కాదు. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఈ కుటుంబానిదే. విజయవాడ ఆటోనగర్‌లో ఆ రోజుల్లో అంబాసిడర్ ఇంజన్ విప్పిన మేస్త్రీ ఎవరైనా ఇవాళ ఎంజీబీ బానెట్ ఎత్తి చూస్తే, ట్యాపెట్ కవర్ ఎక్కడుందో, డిస్ట్రిబ్యూటర్ ఎక్కడుందో అడగాల్సిన పని ఉండదు. మన ఊళ్లలో ఆ ఇంజన్ ఎంత దుమ్ము తిని, ఎంత ఓవర్‌లోడు లాగిందో నాన్నగారి తరం వాళ్లని అడగండి. ఎంజీబీ గట్టిదనం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

ఆల్ఫా దారి పూర్తిగా వేరు. దాని ఇంజన్‌కి మూలం 1954 నాటి జూలియెట్టా. మిలాన్‌లో ఓరాజియో సాట్టా పులీగా బృందం చేసిన డిజైన్ అది. బ్లాకు, హెడ్డు అల్యూమినియం, లోపల ఇనుప లైనర్లు. పైన రెండు క్యామ్‌షాఫ్టులు చైనుతో తిరుగుతాయి. అప్పట్లో ఇలాంటి నిర్మాణం రేసు కార్లలోనూ బాగా ఖరీదైన కార్లలోనూ కనిపించేది. ఆల్ఫా వాళ్లు దాన్ని పిల్లాపాపలతో తిరిగే నాలుగు తలుపుల జూలియా సెడాన్‌లో కూడా పెట్టి అమ్మారు, 5 గేర్ల పెట్టెతో సహా. ఇదే నాకు ముఖ్యంగా కనిపించే తేడా. ఇంగ్లీషువాళ్లు ఇంటి కారు సామానుతో స్పోర్ట్స్ కారు కట్టారు. ఇటలీవాళ్లు ఇంటి కారులోకే స్పోర్ట్స్ ఇంజన్ తెచ్చారు. అందుకే స్పైడర్ చేయాల్సి వచ్చినప్పుడు వాళ్లకు ఇంజన్ విషయంలో సర్దుకోవాల్సిన అవసరమే రాలేదు.

స్పైడర్ 1966 మార్చిలో జెనీవా ప్రదర్శనలో వచ్చింది. పినిన్‌ఫరీనా సంస్థ గీసి, టూరిన్ పక్కన తన ఫ్యాక్టరీలోనే బాడీ కట్టింది. ఆ సంస్థ స్థాపకుడు బత్తిస్తా పినిన్‌ఫరీనా మరుసటి నెలలోనే చనిపోయాడు. ఆయన కాలంలో వచ్చిన చివరి కార్లలో ఇదొకటి. పేరు కోసం పోటీ పెట్టి డ్యూయెట్టో అని ఎంచుకున్నారు. కానీ అప్పటికే ఒక తినుబండారానికి ఆ పేరు ఉండటంతో అధికారికంగా వాడలేకపోయారు. జనం మాత్రం గుండ్రటి తోక ఉన్న తొలి స్పైడర్లను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. 1570 సీసీ ఇంజన్, 109 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. ఎంజీబీకి మొదట్లో 95 హార్స్‌పవర్, డిస్కులు ముందు మాత్రమే, వెనక డ్రమ్ములు, గేర్లు 4. అయితే దిగుమతి సుంకాలు కలుపుకుంటే బ్రిటన్‌లో అప్పట్లో ఆల్ఫా ధర ఎంజీబీకి దాదాపు రెట్టింపు పడేది. ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒకే డబ్బుకు రెండు కంపెనీలు ఏం ఇచ్చాయని పోల్చడం లేదు మనం.

అంకెలు చూస్తే నడపడంలో తేడా తెలియదు. ఎంజీబీ 100 మైళ్ల వేగం దాటుతుంది, సున్నా నుంచి 60 మైళ్లకు సుమారు 12 సెకన్లు తీసుకుంటుంది. ఆల్ఫా దానికంటే కాస్త చురుకు, అంతే. నిజమైన తేడా ఇంజన్ స్వభావంలో ఉంది. ఎంజీబీ ఇంజన్ 3000 ఆర్‌పీఎం దగ్గరే తన బలమంతా చూపిస్తుంది. మూడో గేర్లో వేసి చిన్న ఊరి రోడ్ల మీద హాయిగా లాగించేయొచ్చు. 5000 దాటించారంటే చప్పుడు పెరుగుతుంది తప్ప లాభం లేదు. ఆల్ఫా అలా కాదు. 3500 దాటాక గొంతు మారుతుంది, 6000 దాకా ఎక్కడా అలసట లేకుండా ఎక్కుతూనే ఉంటుంది. పైకి తీసుకెళ్లేకొద్దీ నునుపవుతుంది. వేల్స్ కొండదారుల్లో రెండో గేర్ నుంచి మూడుకు, మళ్లీ రెండుకు మార్చుకుంటూ ఆ ఇంజన్‌ను నడిపిన ఎవరికైనా ఇది 1950ల నాటి డిజైన్ అంటే నమ్మబుద్ధి కాదు. నాలుగు సిలిండర్ల ఇంజన్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

అయితే ఒక్క విషయంలో ఎంజీబీ గెలుస్తుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. అది స్టీరింగ్. ఎంజీబీలో ర్యాక్ అండ్ పీనియన్ ఉంటుంది. చక్రం కింద రోడ్డు ఎలా ఉందో చేతులకు నేరుగా తెలుస్తుంది. ఆల్ఫాలో స్టీరింగ్ బాక్సు ఉంటుంది, అరిగిందంటే మధ్యలో వదులు వస్తుంది. వెనక వైపు మాత్రం మళ్లీ ఆల్ఫాదే పైచేయి. రెండింటికీ గట్టి యాక్సిలే అయినా ఆల్ఫా దాన్ని కాయిల్ స్ప్రింగులతో, ఆర్ములతో చక్కగా పట్టి ఉంచుతుంది. గుంతల్లో మలుపు తిరిగినప్పుడు ఎంజీబీ వెనక భాగం పక్కకు ఎగిరినట్టు అనిపిస్తుంది. ఆల్ఫా రోడ్డును వదలదు. ఇక టాప్ సంగతి ఒక్క ముక్కలో: ఆల్ఫాది సీట్లో కూర్చునే ఒంటిచేత్తో వేసేయొచ్చు, ఎంజీబీది కిందికి దిగి వేసుకోవాలి. ఇంగ్లాండ్ వానలో ఈ తేడా చిన్నది కాదు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. నేర్చుకోవాలన్నారు కదా. నేర్చుకునేవాడికి చేయందించే కారు ఎంజీబీ.

ఇంజన్‌కు గాలి, పెట్రోలు కలిపి అందించే కార్బ్యురేటర్ల సంగతే తీసుకోండి. ఎంజీబీకి రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు. ఒక్కోదానిలో ఒక పిస్టన్, దానికి వేలాడే ఒక సూది, ఆ సూది దిగే ఒక జెట్. పిస్టన్ పైకి లేచేకొద్దీ గాలి దారి పెరుగుతుంది, సూది సన్నబడే భాగం పైకి వచ్చి పెట్రోలూ పెరుగుతుంది. అంతకుమించి అందులో పెద్దగా ఏమీ లేదు. చాలావాటికి పక్కన పిస్టన్‌ను ఎత్తడానికి చిన్న పిన్ను ఉంటుంది. ఇంజన్ వేడెక్కి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ పిన్నుతో పిస్టన్‌ను ఒక్క మిల్లీమీటరు ఎత్తండి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. ఇంజన్ ఆగిపోబోతే తక్కువ పోతున్నట్టు. కొంచెం పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉన్నట్టు. ఆ తర్వాత జెట్ నట్టు తిప్పి సరిచేసుకోవాలి. ఒక శనివారం ఉదయం కూర్చుంటే ఎవరికైనా పట్టుబడుతుంది. చెవితో ఇంజన్‌ను అర్థం చేసుకోవడం అలవాటవుతుంది కూడా.

ఆల్ఫాకు యూరప్ కార్లలో సాధారణంగా రెండు వెబర్ కార్బ్యురేటర్లు ఉంటాయి. ఒక్కోదానిలో రెండేసి గొట్టాలు, అంటే సిలిండర్‌కొకటి చొప్పున. బాగా కుదిరినప్పుడు వాటిని మించినవి లేవు. కానీ లోపల ఐడిల్ జెట్టు, మెయిన్ జెట్టు, ఎయిర్ కరెక్టరు, ఎమల్షన్ ట్యూబు, యాక్సిలరేటర్ పంపు అంటూ చాలా ఉంటాయి. మార్చాలంటే జెట్లు కొనుక్కోవాలి, రెండు కార్బ్యురేటర్లూ సమానంగా పీల్చేలా గాలి మీటరుతో కొలవాలి. ఒకసారి కుదిర్చాక ముట్టుకోకుండా ఉంటే ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. కొత్తగా కారు కొన్నవాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని వాటి జోలికి వెళ్లకూడదు.

వాల్వు క్లియరెన్సులదీ, అంటే వాల్వుల దగ్గర వదలాల్సిన సన్నటి ఖాళీలదీ ఇదే కథ. ఎంజీబీలో ట్యాపెట్ కవర్ తీసి, ఫీలర్ గేజి పెట్టి, లాక్‌నట్టు వదులు చేసి స్క్రూడ్రైవర్‌తో తిప్పడమే. అంగుళంలో వెయ్యింట 15 వంతులు ఖాళీ ఉండాలి. ఆల్ఫాలో క్యామ్‌కూ వాల్వుకూ మధ్య గిన్నె లాంటి ట్యాపెట్ ఉంటుంది, దాని కింద షిమ్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. ఖాళీ మార్చాలంటే క్యామ్‌షాఫ్టులు ఎత్తి, బిళ్లలు తీసి మైక్రోమీటరుతో కొలిచి, కావాల్సిన మందం బిళ్ల తెచ్చి పెట్టాలి. తరచుగా అవసరం పడదు, ఆ మాట నిజమే. కానీ పడిన రోజున క్యామ్ టైమింగ్ తప్పకుండా మళ్లీ బిగించడం మొదటిసారి చేసేవారికి చాలా టెన్షన్.

ఆల్ఫా మొరాయిస్తుందన్న మాటలో నిజమెంత? ఇంజన్ వరకు నేను ఒప్పుకోను. ఆయిల్ సరిగ్గా మార్చి, చల్లగా ఉన్నప్పుడు తొక్కకుండా ఉంటే ఆ ఇంజన్ లక్ష మైళ్లు నడుస్తుంది. చిక్కు ఎక్కడంటే ఉక్కు, ఇనుము, అల్యూమినియం ఒక్కోటి ఒక్కోలా వేడికి పెరుగుతాయి. స్టార్ట్ చేయగానే 5000 దాకా తొక్కేవాళ్ల కార్లకు హెడ్ గ్యాస్కెట్ త్వరగా పోతుంది. గ్యాస్కెట్‌లో ఆయిల్ దారుల చుట్టూ చిన్న రబ్బరు రింగులు 6 ఉంటాయి. వయసు మీద పడితే అవి గట్టిబడి ఆయిల్ కారుతుంది. చూడబోయినప్పుడు ఇంజన్ పక్కల హెడ్డు, బ్లాకు కలిసే చోట తడి ఉందేమో గమనించండి. ఆయిల్ మూత లోపల తెల్లటి జిగురు ఉందేమో చూడండి. కూలెంట్ ఎప్పుడు మార్చారో అడగండి. యాంటీఫ్రీజ్ లేకుండా ఉత్త నీళ్లతో నడిపితే అల్యూమినియం లోపలి నుంచి తినేసుకుపోతుంది.

రెండో బలహీనత గేర్ బాక్సులో రెండో గేర్ సింక్రో, అంటే గేరు చప్పుడు లేకుండా పడేలా చేసే భాగం. చల్లటి పెట్టెతో మూడు నుంచి రెండుకు దించినప్పుడు చాలా ఆల్ఫాలు కర్రుమంటాయి. వేడెక్కాక కూడా అంటే పెట్టె విప్పక తప్పదు. బేరంలో ఆ ఖర్చు తగ్గించి అడగాలి.

ఎంజీబీ ఇంజన్ గురించి అంత భయం అక్కర్లేదు. బాగా వేడెక్కాక రోడ్డు మీద ఆయిల్ ప్రెషర్ 50 నుంచి 70 పౌండ్ల మధ్య ఉంటే చాలు. ఓవర్‌డ్రైవ్ ఉంటే నాలుగో గేర్లో 50 మైళ్ల వేగం దగ్గర స్విచ్ నొక్కండి. ఆర్‌పీఎం వెంటనే దిగిపోవాలి. హైవే మీద ఈ ఓవర్‌డ్రైవ్ ఉన్న ఎంజీబీ, లేని ఎంజీబీ రెండూ వేర్వేరు కార్లనే చెప్పాలి. అది లేని కారు ఎంత మెరుస్తున్నా మీరు తీసుకోవద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, తుప్పు. పాతకారు కొనేవాళ్లలో ఎక్కువమంది ఇంజన్ చప్పుడు విని, పెయింటు మెరుపు చూసి డబ్బులిచ్చేస్తారు. ఈ రెండు కార్లలో ఇంజన్ పని ఖర్చు ఎంతో ముందే చెప్పొచ్చు. బాడీ పని ఖర్చు విప్పాక గానీ తెలియదు, తెలిశాక చాలాసార్లు కారు ధరనే దాటిపోతుంది.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదని చెప్పాను. పైకప్పు లేని కారు కాబట్టి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునేది తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి నిర్మాణం. ఇక్కడ సిల్ అంటారు. అది మూడు పొరల రేకు. బయటిది కనిపిస్తుంది, లోపలి రెండూ కనిపించవు. అసలు బలం లోపలి పొరల్లోనే ఉంది. కక్కుర్తిపడిన వాళ్లు లోపల పుచ్చిపోయినదాన్ని అలాగే వదిలేసి, పైన కొత్త రేకు అతికించి, పుట్టీ పెట్టి రంగు వేసి అమ్మేస్తారు. దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. తలుపు మూసి, తలుపుకూ వెనక రెక్కకూ (చక్రం మీది రేకుకూ) మధ్య ఉన్న సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందేమో చూడండి. తర్వాత యజమాని అనుమతితో సిల్ దగ్గరున్న జాకీ పాయింటు కింద జాకీ పెట్టి ఆ పక్క చక్రం కొంచెం లేపండి. ఇప్పుడు తలుపు తెరిచి మూయండి. సందు మారిపోయినా, తలుపు పట్టేసినా కారు మధ్యలో వంగుతోందని అర్థం. అలాంటి కారు దగ్గర ఇంకో నిమిషం కూడా వృథా చేయొద్దు. జాకీ పెట్టనివ్వను అన్నాడంటే అదీ ఒక జవాబే.

ఒక మెత్తటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టుకుని వెళ్లండి. ముందు రెక్కల కింది భాగం, తలుపు వెనక వంపు, వెనక చక్రాల చుట్టూ ఆనించి చూడండి. పట్టుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. కిందికి దూరి కమాన్ పట్టీలు బాడీకి బిగించిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. సీట్ల వెనక మూత ఎత్తితే బ్యాటరీ గూళ్లు ఉంటాయి. 1974 దాకా రెండు 6 వోల్టుల బ్యాటరీలు వాడారు. యాసిడ్ కారి ఆ గూళ్లు తినేసి ఉంటాయి. తలుపు మీద చిన్న త్రికోణపు అద్దం కింద రేకు చీలడం ఎంజీబీలకు మామూలే, దానికి కంగారుపడకండి.

ఒకవేళ బాడీ పూర్తిగా పోయినా ఎంజీబీకి ఒక దారి ఉంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులను వెతికి పట్టుకుని, 1988 నుంచి మొత్తం ఎంజీబీ బాడీని కొత్తగా తయారుచేసి అమ్ముతోంది. ఖరీదైన పనే, అయినా ఆ అవకాశం ఉండటం వల్ల ఏ ఎంజీబీ అయినా బతుకుతుంది. చిన్న సామాను సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈరోజు అడిగితే రేపు ఇంటికి వస్తుంది. అబింగ్డన్‌లో ఉన్న ఎంజీ కార్ క్లబ్‌లో చేరండి. ఫోన్ చేసి అడిగితే విసుక్కోకుండా దారి చూపే పెద్దవాళ్లు అక్కడ ఉన్నారు.

ఆల్ఫా తుప్పు ఇంకా మొండిది. సిల్లులు, ఫ్లోరు, స్పేర్ టైరు గుంత, ముందు రెక్కల అడుగు, ముందు అద్దం కింద నీళ్లు పోయే దారులు, అన్నీ అనుమానించాల్సినవే. ఆ నీటి గొట్టాల్లో ఆకులు అడ్డం పడితే నీరు లోపలికి దిగి కార్పెట్ కింద నిలిచిపోతుంది. కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడండి. రేకులు దొరుకుతాయి, కానీ వాటిని కుదిర్చి అతికించే చేయి అందరికీ ఉండదు. మనవైపు టింకరింగ్ అంటామే, ఆ పని తెలిసినవాళ్లు ఇక్కడా తగ్గిపోతున్నారు. ఆల్ఫా గుండ్రటి తోకకు దెబ్బ తగిలి ఉంటే మళ్లీ అదే వంపు తేవడం చాలా కష్టం. వెనక నుంచి కాస్త దూరంగా నిలబడి రెండు పక్కలూ సమానంగా ఉన్నాయో లేదో చూడండి.

ఎంజీబీల్లో 1968 తర్వాతివే ఎందుకన్నానంటే, 1967 చివర్లో వచ్చిన మార్పులతో మొదటి గేర్‌కు కూడా సింక్రో వచ్చింది, డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది, బ్యాటరీ నెగెటివ్ ఎర్త్ అయింది, అంటే దాని నెగెటివ్ కొస బాడీకి కలుస్తుంది. అంతకు ముందువి పాజిటివ్ ఎర్త్ కార్లు. వాటికి ఈ కాలపు ఫోన్ ఛార్జరో రేడియోనో కలిపితే కాలిపోతుంది. 1964 చివరి దాకా ఇంజన్లకు క్రాంకు మూడు బేరింగుల మీద తిరిగేది, తర్వాత ఐదయ్యాయి. ముందువి చురుగ్గా తిరుగుతాయని ఇష్టపడేవాళ్లున్నారు, మీకు మాత్రం ఐదే మంచిది. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం నల్లటి రబ్బరు బంపర్లు తగిలించి కారును సుమారు అంగుళంన్నర ఎత్తు పెంచారు. ముందు యాంటీరోల్ బార్ కూడా తీసేశారు. దాంతో మలుపుల్లో ఒరిగిపోయేది. తర్వాత దాన్ని సరిదిద్దారు. రబ్బరు బంపర్ కార్లు చవగ్గా దొరుకుతాయి. బాడీ గట్టిగా ఉన్న రబ్బరు బంపర్ కారు, పుచ్చిన క్రోమ్ బంపర్ కారు కంటే నూరుపాళ్లు మేలు.

నేను ఇంత చెప్పినా మీ మనసు ఆల్ఫా మీదే ఉంటే, అది తప్పని నేను అనను. కానీ అప్పుడు ముందు కారు వెతకొద్దు, మనిషిని వెతకండి. మీ ఇంటికి గంట ప్రయాణంలో పాత ఆల్ఫాలు చేసే నిపుణుడు ఉన్నాడా, కొత్తవాళ్ల పని ఒప్పుకుంటాడా కనుక్కోండి. ఉన్నాడంటే 1968లో వచ్చిన 1750 స్పైడర్ వేలోచే అనే రకాన్ని చూడండి. 1779 సీసీ ఇంజన్, కింద బలం, పైన అదే ఉత్సాహం. ఈ వరుసలో అన్నివిధాలా కుదిరినది అదేనని నా అభిప్రాయం. 1970లో గుండ్రటి తోక పోయి కోసినట్టున్న తోక వచ్చింది. అందం తగ్గిందంటారు కానీ సామాను పెట్టుకునే చోటు పెరిగింది, ధర కూడా కాస్త అందుబాటులో ఉంటుంది. తర్వాత వచ్చిన 2000 స్పైడర్ ఇంకా బలమైనది, ఉన్నవాటిలో సులభంగా దొరికేదీ అదే. 1300 స్పైడర్ జూనియర్‌ను చిన్నచూపు చూడకండి. ఇంజన్ చిన్నదైనా పాడే పాట అదే.

ఇక్కడి మార్కెట్‌లో అమెరికా నుంచి తిరిగొచ్చిన కార్లు రెండు రకాల్లోనూ చాలా ఉంటాయి. పొడి వాతావరణం ఉన్న రాష్ట్రాల నుంచి వస్తే తుప్పు తక్కువ, అది పెద్ద లాభం. కానీ స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది లేదా ఇక్కడ మార్చి ఉంటారు. మార్చిన పని ఎవరు చేశారో కాగితాలు అడగండి. 1969 నుంచి అమెరికా వెళ్లిన ఆల్ఫాలకు వెబర్ల బదులు స్పికా అనే మెకానికల్ ఇంజెక్షన్ ఉండేది. బాగా పనిచేసేదే, కానీ తెలిసినవాళ్లు తక్కువ. 1970ల మధ్య నుంచి అమెరికా ఎంజీబీలకు రెండు ఎస్‌యూల బదులు ఒకే స్ట్రాంబర్గ్ కార్బ్యురేటర్ పెట్టారు, బలం బాగా తగ్గింది. మళ్లీ ఎస్‌యూలు పెట్టుకోవడం తేలికే.

పెట్రోలు విషయం. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఈ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిపినది) అయింది. అందులోని ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను తినేస్తుంది. ఏ కారు కొన్నా ఇంటికి తెచ్చాక మొదటి పని పెట్రోలు గొట్టాలన్నీ కొత్త రకానివి వేయించడం. సూపర్ గ్రేడ్ ఈ5 పోయించండి. సీసం లేని పెట్రోలు వచ్చాక ఎంజీబీ ఇనుప హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు అరిగే ఇబ్బంది ఉంది. గట్టి సీట్లు వేయించారో లేదో అడగండి, లేకపోతే ట్యాంకులో అడిటివ్ కలుపుకోవాలి. ఆల్ఫాది అల్యూమినియం హెడ్డు కాబట్టి గట్టి సీట్లు మొదటి నుంచీ ఉన్నాయి.

40 ఏళ్లు దాటిన కారుకు రోడ్డు పన్ను ఉండదు, కానీ అది దానంతటదే రాదు, దరఖాస్తు చేసుకోవాలి. పెద్ద మార్పులు చేయని కారైతే ఏటా ఎంఓటీ పరీక్ష (కారు రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని చూసేది) కూడా తప్పనిసరి కాదు. అయినా ఏడాదికోసారి చేయించండి. కారు కింద ఇంకో మనిషి కళ్లు పెట్టి చూడటానికి అంత తక్కువ ఖర్చు మరెక్కడా కాదు. ఇన్సూరెన్స్ మీ రోజువారీ కారుతో కలపకుండా, పాతకార్లకు ఇచ్చేవాళ్ల దగ్గర ముందే విలువ ఒప్పందం చేసుకుని తీసుకోండి. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లాక, గట్టి వాన పడి కడిగేదాకా కారు బయటికి తీయొద్దు.

చిన్నపిల్లలు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే ఎంజీబీ జీటీ గురించి కూడా ఆలోచించండి. 1965లో వచ్చిన పైకప్పు ఉన్న రకం అది. దాని పైభాగానికి రూపమిచ్చింది కూడా పినిన్‌ఫరీనాయే. వెనక చిన్న సీటు ఉంటుంది, బాడీ గట్టిగా ఉంటుంది, రోడ్‌స్టర్ కంటే చవగ్గా దొరుకుతుంది. సీటు బెల్టులు లేని పాతకారులో 3 ఏళ్లలోపు పిల్లల్ని తీసుకెళ్లడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి వెనక బెల్టులు బిగించుకునే వీలుందో లేదో చూసి కొనండి.

ఏదైనా కారు నచ్చితే డబ్బులు కట్టే ముందు నాలుగు ఫోటోలు తీసి నాకు చూపించండి: రెండు పక్కల తలుపు సందులు, కింద నుంచి సిల్లు, బానెట్ కింద ఇంజన్ నంబరు. ఎంజీబీ అయితే ఆ నంబరు ఏ అక్షరాలతో మొదలవుతుందో స్పష్టంగా కనిపించాలి. 18జీ, 18జీఏ అని ఉంటే మూడు బేరింగుల ఇంజన్, 18జీబీ అని ఉంటే ఐదు బేరింగులది. అమ్మేవాడు చెప్పే సంవత్సరానికీ ఆ నంబరుకూ పొంతన కుదరకపోతే ఇంజన్ ఎప్పుడు, ఎందుకు మార్చారో అడిగి, జవాబు నాకూ చెప్పండి.